తాతయ్య బొటనవేలు

మా పుట్టింట్లో పిల్లకి అక్షరాభ్యాసం అయిందంటే ఇంకో పరీక్ష మిగిలి ఉన్నట్టే. పలక మీద ఓనమాలు దిద్దించగానే నాయనమ్మ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కుడిచేతి బొటనవేలిని మెల్లగా ముంజేతి వైపు వంచేది. వేలు వెళ్ళి ముంజేతికి ఆనితే చప్పట్లు కొట్టేవారు. "మీ తాత వేలే! అచ్చం ఆయన వేలే!" అని నాయనమ్మ కళ్ళు తుడుచుకునేది. తాతయ్య చిన్నవయసులోనే వరి ఊడ్పుల్లో గట్టు మీద కూలబడి చనిపోయారు. ఆయన ఫోటో కూడా లేదు. ఆవిడకి మిగిలింది ఆ వేలొక్కటే. పుట్టిన ప్రతి పిల్ల చేతిలోనూ దాన్నే వెతుక్కునేది.

మా నాన్నకి ఆ వేలు వచ్చింది. నాకూ వచ్చింది. ఆ గర్వంతోనే గణపవరం నుంచి తాడేపల్లిగూడెం కాపురానికి వచ్చాను. మా ఆయనది బట్టల కొట్టు. పెళ్ళిచూపుల్లో పాట పాడమంటే రాదని చెప్పి, వేలు వంచి చూపించాను. మా అత్తగారు ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతారు. వేలు వంగే మా అందరికీ చర్మం కూడా పల్చన. చేతి మీద నరాలు పైకే కనబడతాయి, మోచెయ్యి తలుపుకి తగిలితే చాలు, కమిలి నల్లబడుతుంది. దాన్ని సుకుమారం అనుకునేవాళ్ళం. నాన్న చేపల చెరువు దగ్గర మేత వేయిస్తూ కుప్పకూలి ప్రాణం వదిలినప్పుడు దిష్టి అనుకున్నాం. ఎవరూ రెండూ కలిపి చూడలేదు.

మా అమ్మాయి మాత్రం పరీక్ష తప్పింది. ఎంత వంచినా దాని వేలు కదల్లేదు. "ఇది మన పిల్ల కాదే, గూడెం పిల్ల," అంది నాయనమ్మ, తాడేపల్లిగూడెం వాళ్ళ పోలికే వచ్చిందని. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అదొక్కతే నవ్వలేదు. కొన్నేళ్ళయ్యాక ఓ వేసవి సెలవుల్లో, తాతమ్మ ముందుకి వెళ్ళి నిలబడి, వేలు తెచ్చి ముంజేతికి ఆనించి చూపించింది. నాయనమ్మ సంబరం ఇంతా అంతా కాదు. ఆలస్యంగా వచ్చినా వచ్చిందని దానికి కజ్జికాయలు చేయించి పెట్టింది.

ఇక నా సంగతి. మొన్న ఎండాకాలం ఓ పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. దానికి ఆయిలు పెట్టించండి మహాప్రభో అని మా ఆయన్ని ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాను. ఆయన వింటేగా! ఆ కోపమంతా షట్టరు మీద చూపించి ఒక్క ఊపున లాగాను. రొమ్ము మధ్యలో ఏదో పర్రుమన్నట్టయింది. నొప్పి దవడలోకి, ఎడమచేతిలోకి పాకింది, ఒళ్ళంతా చెమట. గ్యాసేమోనని పక్క కొట్లో సోడా తెప్పించుకుని తాగాను. నలభై దాటిందో లేదో, షుగరు లేదు, బీపీ లేదు, గుండెపోటని ఎందుకు అనుకుంటాను? తాగిన సోడా తాగినట్టే వాంతయింది. మా ఆయన ఇంకేమీ ఆలోచించకుండా కార్లో పడేసి ఏలూరు తీసుకెళ్ళారు.

మణికట్టు దగ్గర నుంచి గొట్టం పంపి గుండె రక్తనాళాల ఫోటోలు తీశారు. నన్ను వార్డులోకి తెచ్చాక డాక్టరుగారు వచ్చి చెప్పింది మా ఆయనకి అర్థం కాలేదు.

"కొవ్వు పేరుకోలేదండి. రక్తనాళం లోపలి పొర చిరిగింది. రక్తం పొరల మధ్యకి దూరి, దారిని నొక్కేస్తోంది."

బట్టల కొట్టుదాన్ని కదా, నాకు వెంటనే బోధపడింది. జాకెట్టు లోపల లైనింగు ఊడి మడతపడితే చెయ్యి దూరదు. నా గుండెకి జరిగింది అదే.

"ఆయ్, అయితే ఓ స్టెంటు వేసేయండి," అన్నారు మా ఆయన.

"వేయనండి. దారి సన్నబడినా రక్తం పారుతోంది, ఆవిడ నిలకడగా ఉన్నారు. చిరిగినచోట తీగ పెట్టి కెలికితే చిరుగు పెద్దదవ్వచ్చు. మందులిచ్చి, బీపీ తగ్గించి, కనిపెట్టుకుని ఉందాం. చాలామందికి దానంతటదే అతుక్కుంటుంది."

"ఏమీ చెయ్యకుండా చూస్తూ కూర్చుంటారా? ఇదేం వైద్యమండీ! మా వీధిలో సగం మందికి స్టెంట్లు వేశారు. పదవే, విజయవాడ పోదాం," అని మా ఆయన లేచారు. నాకూ డాక్టరుగారి మీద ఒళ్ళు మండింది. గుండె చిరిగిందంటూనే కుట్టనంటాడేమిటి ఈ మనిషి!

డాక్టరుగారు మా మాట పట్టించుకోలేదు. నా చేతి వంకే చూస్తున్నారు. గొట్టం పెట్టినచోట మొదలైన నలుపు మోచేతి దాకా పాకింది.

"ఎప్పుడూ ఇలాగే కములుతుందాండీ? మీ ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్ళు ఉన్నారా?"

"మా నాన్న, మా తాత. మాది సుకుమారం ఒళ్ళండి," అని నవ్వి, అలవాటుకొద్దీ రెండో చేతి బొటనవేలు వంచి చూపించాను. "ఇదిగో, మా ఇంటి గుర్తు."

చప్పట్లు రాలేదు. ఆయన మొహం మారిపోయింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, కొందరిలో పుట్టుకతోనే రక్తనాళాల గోడలు బలహీనంగా ఉంటాయని, పల్చని చర్మం, వంగే వేళ్ళు ఒక్కోసారి దానికి ఆనవాళ్ళని చెప్పారు. వేలొక్కటే చూసి తేల్చలేమని, రక్తపరీక్ష కావాలని కూడా అన్నారు. నాకా మాటలు సగమే వినబడ్డాయి. నాన్నని, తాతయ్యని తీసుకుపోయిన దానికి మేము ఇన్నాళ్ళూ చప్పట్లు కొట్టామా? విజయవాడ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నెలలు గడిచాక తీసిన స్కానులో చిరుగు అతుక్కుపోయి కనిపించింది. కానీ రక్తపరీక్షలో డాక్టరుగారి అనుమానమే నిజమైంది. తల నుంచి పొట్ట దాకా మిగతా రక్తనాళాలూ చూశారు. బరువులెత్తొద్దు, బీపీ పెరగనివ్వొద్దు అన్నారు. అవన్నీ సరే. "మీ పిల్లకి రావడానికీ రాకపోవడానికీ సరిసమానంగా అవకాశం ఉందండి," అన్న మాట దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. దాని వేలు వంగుతుందిగా!

దాని రక్తం పరీక్షకి ఇచ్చి, అటునుంచటే గణపవరం వెళ్ళాం. సంగతంతా విని నాయనమ్మ మా అమ్మాయి చెయ్యి పట్టుకుని, వేలు వంచబోయి, భయపడి వదిలేసింది. కజ్జికాయలు చేయించి పెట్టిన మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"తాతమ్మా, ఏడవకు. నాది నిజం వేలు కాదు," అంది మా అమ్మాయి.

నాయనమ్మ కొంగు తీసి దాని వంక చూసింది.

"నువ్వు నన్ను గూడెం పిల్లని అన్నావని రోజూ వేలు గోడకి ఆనించి తోసేదాన్ని. వాచిపోయినా తోసేదాన్ని. వంగేదాకా అలాగే చేశాను. ఇప్పటికీ నొప్పి పుడుతుంది."

నా పక్క గదిలో, నా కూతురు, మా వంశంలో చోటు కోసం తన వేలు తనే విరుచుకుంటూ ఉంటే నాకు తెలియలేదు. దాన్ని కొట్టాలనిపించింది, కావలించుకోవాలనిపించింది. అయినా అప్పుడే సంతోషపడటానికి లేదు. వేలు వంగినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు, వంగనంత మాత్రాన లేనట్టూ కాదని డాక్టరుగారు ముందే చెప్పారు.

రిజల్టు వచ్చిందని ఏలూరు నుంచి ఫోను వచ్చినప్పుడు మళ్ళీ గణపవరంలోనే ఉన్నాం. మా ఆయన స్పీకరు పెట్టారు. "మీ అమ్మాయికి లేదండి," అన్నారు డాక్టరుగారు. మా ఆయన మళ్ళీ అడిగారు. ఆయన మళ్ళీ చెప్పారు.

నాయనమ్మకి చెవులు సరిగ్గా వినబడవు. నేను దగ్గరికి వెళ్ళి గట్టిగా చెప్పాను. ఆవిడ మా అమ్మాయిని దగ్గరికి లాక్కుని, దాని బొటనవేలిని పిడికిట్లో దాచేసి, రొమ్ముకి అదుముకుంది.

"నువ్వు మా పిల్లవి కాదే తల్లీ," అని ఏడుస్తూనే నవ్వింది. "గూడెం పిల్లవే. గూడెం పిల్లవే."