పళ్ళెంలో పరిచిన మందులు

పక్కింటి సిస్టరక్క పోయిందని ఆమె చెల్లెలు నా తలుపు తట్టి చెప్పింది. ఆసుపత్రి నుంచి తెచ్చిన సంచి ఇంకా చేతిలోనే ఉంది. మూడు రోజుల తర్వాత ఆమె ఉన్న పెట్టె సొంతూరు నరసాపురం వైపు బయల్దేరింది. ఎమిరేట్స్‌లోని ఈ అల్ ఐన్‌లో మా రెండు ఫ్లాట్ల మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ వారం అవతలి నుంచి ఏ శబ్దమూ రాలేదు.

ఆమె నర్సు. డ్యూటీ కాక ఇంకో పని కూడా తనంతట తనే నెత్తికెత్తుకుంది. ఇక్కడి తెలుగువాళ్ళు ఎవరు సెలవుకి వెళ్ళినా, తిరిగి వచ్చేముందు తెచ్చుకునే మందులన్నీ ఒక పళ్ళెంలో పరిచి ఆమెకి ఫొటో పంపాలి. పేర్లు పైకి కనబడాలి. ఇక్కడ నిషేధించినవి ఏవీ లేవని చూసి ఆమె సరేనంటేనే సూట్‌కేసు మూయాలి.

ఒకసారి కడప డ్రైవర్ భాయ్ ఒక లేహ్యం ఫొటో పంపాడు. నేను ఆమె ఇంట్లోనే టీ తాగుతున్నాను. ఆమె డబ్బా మీది చీటీని పెద్దది చేసి చదివి వెంటనే ఫోన్ చేసింది.

"భాయ్, ఇందులో విజయ అని రాసుంది. అంటే గంజాయి ఆకు."

"అరుగుదలకమ్మా! మా అత్త కొనిచ్చింది. ఊర్లో అంగట్లో బాజాప్తా అమ్ముతాండారు."

"అయితే మీ అత్తకే తినిపించి రా."

"ఆయమ్మకి ఇంకా అరిగితే మా ఇంట్లో బియ్యం మిగలవు సిస్టరమ్మా!"

నవ్వుతూనే అతను దాన్ని అక్కడే వదిలేసి వచ్చాడు. అలాంటప్పుడు ఆమె ఒక మాట అనేది: "మందు మంచిదే. పాస్‌పోర్టుకి పడదు."

తర్వాత ఆమెకే జబ్బు చేసింది. ఎముకల దాకా పాకింది. వైద్యం ఇక్కడే బీమా మీద జరిగేది. ప్రయాణం చేసే ఓపిక అప్పటికే పోయింది. నొప్పి ఎక్కువైనప్పుడు రేడియో గొంతు పెంచేది. గోడకివతల నాకు అది తెలిసేది.

చెల్లెలు విజిట్ వీసా మీద బయల్దేరబోతూ, ఆయుర్వేద డాక్టరు రాసిచ్చిన చుక్కల మందు తెస్తానంది. నొప్పికి. అదీ విజయతో చేసినదే. ఆ సాయంత్రం సిస్టరక్క, లాయరు ఆఫీసులో పనిచేసే నన్ను పిలిచింది.

"చట్టం ఏమంటుందో చెప్పు తమ్ముడూ. నాకు తెలీక కాదు. నీ నోటంట విందామని."

తెలిసింది చెప్పాను. మన దేశంలో కేంద్ర చట్టం గంజాయిని నిషేధిస్తూ ఆకును మాత్రం రాష్ట్రాలకి వదిలింది. అందుకే అక్కడ ఆకుతో చేసే మందులకి లైసెన్సు దొరుకుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు మందుగా ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం అడ్డం పడుతూనే ఉంది. ఇక్కడ ఎమిరేట్లు ఏడైనా దీనికి చట్టం ఒక్కటే, ఫెడరల్‌ది. మన ఊరి డాక్టరు చీటీ దాన్ని దాటించదు.

ఆమె తలూపి, చెల్లెలికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"డాక్టరు సంతకం ఉందక్కా. లైసెన్సు నంబరుంది."

"అది అక్కడిది. ఇక్కడ చెల్లదే."

"నీ నొప్పి తగ్గితే చాలు. నేనేమైపోతే ఏంటి?"

"నువ్వు జైల్లో ఉంటే నాకు నొప్పి తగ్గుద్దటే, పిచ్చిదానా?" అని, "పళ్ళెంలో పెట్టి ఫొటో పంపు" అంది.

ఫొటో వచ్చింది. ఆమె చాలాసేపు చూసింది. తర్వాత అందరికీ రాసినట్టే రాసింది: వద్దు.

చెల్లెలు ఆ సీసా లేకుండానే వచ్చింది. ఇక్కడి డాక్టర్లు ఇచ్చిన మందులు కొన్ని రోజులు పనిచేశాయి, కొన్ని రోజులు చేయలేదు. ఆ చుక్కలు పనిచేసేవో లేదో నాకు తెలియదు. తెలిసినవాళ్ళెవరూ నాకు తారసపడలేదు. నేను చెప్పింది మాత్రం నిజం. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నిజం చెప్పినందుకు ఇంత బరువుగా ఎప్పుడూ అనిపించలేదు.

గత నెల సెలవుకి నెల్లూరు వెళ్ళాను. తిరుగు ప్రయాణం రోజు నా బీపీ మాత్రలు, చెవి చుక్కలు స్టీలు పళ్ళెంలో పేర్లు పైకి కనబడేలా పేర్చాను. ఫొటో తీశాను. పంపబోయి, ఫోన్‌లో ఆమె పేరు దాకా వెళ్ళి ఆగాను. సూట్‌కేసు నోరు తెరుచుకుని మంచం మీదే ఉంది. టాక్సీ వచ్చి హారన్ కొట్టేదాకా దాన్ని మూయలేదు.