కావె అంటే కన్నం

నా చిన్నప్పుడు కెనడాలోని సస్కటూన్‌లో మా పక్కింట్లో ఒక ఆంటీ ఉండేవారు. ఉత్తర ఇరాక్ కొండల్లోని ఏదో పల్లె ఆవిడది. ఇంటి భాష అరమాయిక్. భర్త పోయాక ఆ భాషలో పలకరించే మనిషి ఆవిడకు ఆ ఊళ్ళో మిగల్లేదు. అందుకేనేమో, కొత్త మాటలంటే చెవి కోసుకునే మా అక్కను చేరదీశారు. స్కూలు నుంచి రాగానే అక్క నోట్‌బుక్ పట్టుకుని అక్కడికి పరుగెత్తేది. అప్పుడు దానికి పన్నెండేళ్ళు, నాకు తొమ్మిది.

వెనకాలే నేనూ వెళ్ళేదాన్ని. ఆంటీ నాకు ఖర్జూరం బిస్కెట్ పెట్టేవారు, అక్కకు మాటలు పెట్టేవారు. సాయంత్రం అక్క ఆ మాటలు అప్పజెబుతుంటే నాన్న మురిసిపోయేవారు. నాకు అన్నం సహించేది కాదు.

ఒక చలికాలం అక్కతో అబద్ధం చెప్పాను. "ఆంటీ నిన్నిక రావద్దన్నారు. ఊరికే విసిగిస్తున్నావట."

అక్క నోట్‌బుక్ సొరుగులో పెట్టేసి పక్కకు తిరిగి పడుకుంది.

నాలుగు రోజులు నేనొక్కదాన్నే వెళ్ళాను. ఆంటీ బిస్కెట్ పెట్టి, "అక్కకు ఒంట్లో బాలేదా?" అని అడిగేవారు. నాకు ఒక్క మాటా నేర్పలేదు. ఐదో రోజు ఉండబట్టలేక నేనే అడిగాను, కిటికీని మీరేమంటారని.

"కావె," అన్నారు. అసలర్థం కన్నమేనట. పాత పుస్తకాల్లో కవ్వా అని ఉంటుందట, అరబ్బీలో దానికి తోబుట్టువులాంటి మాట కువ్వా. రెండింట్లో ఏది పెద్దదో తనకు తెలియదన్నారు. మంచు పేరుకున్న అద్దం మీద అరచెయ్యి ఆనించి, కరిగినంత మేర చూపించి, "ఇదిగో, ఇంతే కావె," అన్నారు.

అందులోంచి చూశాను. బయట మా అక్క ఆంటీ గుమ్మం ముందు మంచు తీస్తోంది. ఈ వైపు తలెత్తి చూడకుండా, చప్పుడు కాకుండా, పార నెమ్మదిగా ఆనిస్తోంది. రావద్దన్నారనుకున్న ఇంటికి.

నాకు ఏడుపు ఆగలేదు. మొత్తం చెప్పేశాను.

ఆ నాలుగు రోజులూ ఆంటీకెలా గడిచాయో ఆ మొహంలో కనిపించింది. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళ పల్లెటింట్లో కావె ఇంటి పైకప్పులో ఉండేదనీ, రొట్టెల పొయ్యి పొగ అందులోంచే పోయేదనీ చెప్పారు. "మంచుకు అది మూసుకుపోతే ఇంటిల్లిపాదికీ కళ్ళు మండేవి. కుళ్ళుగా ఉందని నాతో ఒక్క మాట అనాల్సిందమ్మా. నీకూ నేర్పేదాన్ని కదా."

బయటికెళ్ళి అక్కకు నిజం చెప్పాను. అక్క పార నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నోట్‌బుక్‌లో నాకో పేజీ ఇచ్చింది.

అరవై దాటినా నాకు కుళ్ళు పోలేదు. దాచుకోవడం మాత్రం మానేశాను. మొన్న ఓక్‌విల్‌లో మా అబ్బాయి ఇంట్లో మనవరాలు నన్ను దాటుకుని వాళ్ళ అమ్మమ్మ ఒడిలో దూరింది. "వదినగారూ, మిమ్మల్ని చూస్తే నాకు కుళ్ళుగా ఉందండీ," అన్నాను. ఆవిడ పకపకా నవ్వి, సోఫాలో కొంచెం జరిగి నాకు చోటిచ్చారు.