మరచెంబులో నీళ్లు

మా ముత్తాత రంగరాజుగారు నడిమిలంక మునసబు. మా తాత సుబ్బరాజుగారు వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. ఆ లోగిలికి ఇప్పుడు మిగిలింది నేనే. అందుకే బస్సెక్కినా మా నాయనమ్మ వెండి మరచెంబులోనే నీళ్లు తీసుకెళ్లేదాన్ని.

ఒక వేసవి మధ్యాహ్నం ధవళేశ్వరం దాటాక, నా పక్కన కూర్చున్న పచ్చి బాలింత ఆ చెంబు వంకే చూస్తోంది. ఒళ్లో బిడ్డ ఉంది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"దాహమేస్తోందత్తా. నీళ్లు బాగా తాగమని హాస్పిటల్లో చెప్పారు కదా. ఆశా అక్క కూడా అదే చెప్పింది," అంది.

ముందు సీట్లోంచి అత్తగారు వెనక్కి తిరిగింది. "వాళ్లలాగే చెప్తారు. రేపు ఒళ్లు నీరుపడితే వాళ్లొచ్చి చేస్తారా ఏంటి? నడిమిలంక లోగిట్లో అమ్మగార్లే బాలింతగా ఉన్నప్పుడు గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకునేవారంట. మనం వాళ్లకంటే గొప్పోళ్లమా?"

నేను నిటారుగా కూర్చున్నాను. "ఆ లోగిలి మాదేనండి. అక్కడ పుట్టినదాన్ని, నేను చెబుతున్నాను. తాగనివ్వండి," అన్నాను.

ఆవిడ నన్నూ చెంబునూ ఎగాదిగా చూసింది. "తమరే చెప్పాక ఇంకేముందండి," అంది.

మూత తిప్పి చెంబు అందించాను. ఆ పిల్ల దాన్ని పైకెత్తి నోట్లో పోసుకోబోయింది. పరాయివాళ్లెవరూ ఆ చెంబును కరుచుకుని తాగింది లేదు.

"బిడ్డ మీద ఒలుకుతాయి. కరుచుకుని తాగమ్మా," అన్నాను.

కళ్లు మూసుకుని చివరి చుక్కదాకా తాగింది.

ఆ మరుసటి ఏడాది మరచెంబు కూడా అమ్మేశాను. మా ఇంటి వెండిలో అదే ఆఖరిది.