కవచం మీద బాణం గుర్తు

పెండ్లిళ్ల నుంచి తిరిగొచ్చిన కవచాల వాసన ఒక్కసారి చూస్తే చాలు, ఆ విందు తిన్నవాళ్ల మీదే విరక్తి పుడుతుంది. లోపలంతా చెమట కంపు, బయట కూర మరకలు, భుజాల దగ్గర ఎవరో చెయ్యి తుడుచుకుని పోయిన పాన్ ఎరుపు. జనగామలో పెండ్లి హంగులు అద్దెకిచ్చే ఒక దుకాణంలో నా పని వాటిని కడిగి మళ్లీ రంగులు వేయడం. కవచాలంటే నిజమైనవి కావు. ఫోమ్ షీటు కోసి, అతికించి, బంగారు రంగు కొట్టినవి. వాటిని తొడుక్కుని, ఈటెలు పట్టుకుని ఫంక్షన్ హాల్లో నిలబడేవాళ్లను భటులంటారు. పెండ్లికొడుకు వచ్చినప్పుడు ఈటెలు ఎత్తడం, మిగతా సమయమంతా నిలబడడం. కూర్చోకూడదు. అతిథుల మధ్య తినకూడదు.

ప్రతి పెండ్లికీ కవచాల మీద కొత్త బొమ్మ కావాలి. ఒకాయనకు తన కొత్త కారు, ఇంకొకామెకు వాళ్ల కుక్క మొహం. కాటారం వైపు నుంచి వచ్చిన ఒక ఆసామి మీసాలు మెలేసిన తన ఫొటో ఇచ్చి, భటులందరి రొమ్ముల మీదా అదే ఉండాలన్నాడు. తన మొహం మోస్తూ పదిమంది ఎండలో మాడితే ఆయనకేం సంబరమో! నాకు మాత్రం రోత పుట్టింది. అయినా మీసాలు బాగానే కుదిరాయి.

నాకు ఈ చేతిపని మా బాపు నుంచి వచ్చింది. ఆయన పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో చిందు భాగవతం ఆడేవాడు, రాజు వేషాలు కట్టేవాడు. తన భుజకీర్తులు తనే తేలికైన పొనికి కర్రతో చెక్కుకుని రంగులేసుకునేవాడు. పక్కన కూర్చుని తీగలూ చిలుకలూ గీయడం నేర్చుకున్నాను. బాపుకు చదువు రాదు. పద్యాలన్నీ విని పట్టినవే. ఆటలకు పిలిచేవాళ్లు కరువయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక మా దుకాణంలోనే భటుడిగా చేరాడు.

"ఏదైతేంది బిడ్డా, వేషం వేషమే" అన్నాడు. ఉత్తమాట కాదు, నిజంగానే నమ్మాడు. ఒకసారి కట్టిన వేషాన్ని మంగళం పాడేదాకా విప్పకూడదని ఆయన పట్టు. పెండ్లిలో ఆఖరి అతిథి వెళ్లిపోవడమే ఆయనకు మంగళం. రాజు వైపు ఎవరు చూసినా చెయ్యెత్తి దీవించాలన్నది ఇంకో పద్ధతి. గేటు దగ్గర కూడా అలాగే దీవించేవాడు. మిగతా భటులు నవ్వుకునేవాళ్లు.

ఆ మధ్య మహబూబాబాద్‌లో ఒక పెద్ద పెండ్లి కుదిరింది. పెండ్లికూతురి తండ్రే దుకాణానికి వచ్చాడు.

"బోర్డులు పెడితే షో పాడైతది. గీ సైనికులు ఊకెనే నిలబడ్తరు గద, వీళ్ల మీదనే రాయుండ్రి" అన్నాడు. ఒక కవచం మీద భోజనాలకు దారి, ఒకదాని మీద పార్కింగుకు, ఇంకోదాని మీద టాయిలెట్లకు. కింద బాణం గుర్తు.

మా ఓనరు పండ్లికిలించి, మంచి ఐడియా సార్ అన్నాడు. ఆ పెద్దమనిషి వెళ్లాక నేను ఆగలేకపోయాను.

"మనిషి రొమ్ము మీద గదేం రాతన్నా?"

"నీకెందుకు చెల్లె? నువ్వు రాయి. ఎవడు సదువుతడు?"

"సదవనికే గద రాయమన్నది!"

ఆయన ఫోన్ చూసుకున్నాడు. అక్షరాలు కనిపించకూడదన్న కసితో చుట్టూ దట్టంగా తీగలు, బాపు నేర్పిన చిలుకలు వేశాను. ఓనరు చూసి, అక్షరాలు ఎర్రరంగుతో పెద్దవి చేయించాడు.

పెండ్లి రోజు రంగు లేచిపోయిన చోట్ల సరిచేయడానికి నేనూ వ్యానులో వెళ్లాను. ముందు గేటు దగ్గర పెండ్లికొడుకు ఎక్కే రథానికి రంగు దిద్ది వెనక వైపు వచ్చేసరికి భటులు ఎవరి చోట్ల వాళ్లు నిలబడ్డారు. కవచాలు కొలతను బట్టి ఇస్తారు. అందరికంటే ఛాతీ వెడల్పు బాపుదే. అన్నింటికంటే పెద్ద కవచం ఆ టాయిలెట్లది. రాసేటప్పుడు ఆ సంగతి నాకు తట్టనేలేదు.

మిట్టమధ్యాహ్నం ఎండ. తిన్నవాళ్లు జిడ్డు చేతులతో వస్తున్నారు, ఆయన రొమ్ము వైపు చూస్తున్నారు, బాణం చూపిన వైపు తిరుగుతున్నారు. బాపు ఒక్కొక్కరికీ చెయ్యెత్తి దీవిస్తున్నాడు. ఒకడు పుక్కిలించిన నీళ్లు ఆయన కాళ్ల దగ్గరే ఉమ్మాడు. ఒక కుర్రాడు ఫోన్లో వీడియో తీస్తూ, "రాజా, ఆగేటట్టు లేదు!" అని అరిచాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. బాపు చెయ్యి ఇంకా పైకెత్తాడు. ఛీ! ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు తిండి సహించదు.

నేను దగ్గరికి పోయి, "బాపూ, గిది ఇప్పు, ఇంకోటి ఇస్త" అన్నాను.

"కట్టినంక ఇప్పుతరా?" పెదవులు కదలనీయకుండా అన్నాడు. రంగు డబ్బా తీసి అక్షరాల మీద కుంచె పెట్టబోతే నా మణికట్టు పట్టుకున్నాడు. "జనం ముంగట వేషం మీద చెయ్యి ఎయ్యద్దు. పో బిడ్డా, అందరు సూస్తున్నరు."

ఓనరు దగ్గరికి పరుగెత్తితే, "గది ఇంకెవలికి సరిపోతది చెల్లె? జర ఓర్చుకో" అని బిర్యానీ ప్లేటు పట్టుకుని అటు తిరిగాడు.

ఇంటికొచ్చాక బాపు చొక్కా విప్పి రొమ్ము మీద నీళ్లు పోసుకుంటున్నాడు. ఫోమ్ ఒరుసుకుని చర్మం ఎర్రగా కందిపోయింది. మొహంలో మాత్రం అలసట లేదు.

"గిన్ని ఆటలు ఆడిన, గిట్ల ప్రతొక్కడు రొమ్ము దిక్కు సూసుడు ఎన్నడు లేదు. నీ చిలుకలు అట్ల కుదిరినయి బిడ్డా. గా కవచం ఇంకెవలికి ఇయ్యద్దని మీ ఓనరుకు చెప్పు."

ఊరుకుందామనే అనుకున్నాను. కానీ రేపు ఆయనే దుకాణానికొచ్చి అందరి ముందూ ఆ కవచాన్ని అడిగి తీసుకుంటాడు.

"వాళ్లు చిలుకలను సూడలే బాపూ. దాని మీద పాయఖానకు తోవ రాసి ఉన్నది."

చెంబు ఆయన చేతిలోనే ఆగిపోయింది. "నేను అందరికి చెయ్యెత్తిన గదనే" అన్నాడు.

తర్వాతి పెండ్లి జనగామలోనే. బాపు వస్తాననే అన్నాడు. ఆయన కవచం మీద ఒక్క అక్షరం లేకుండా చిలుకలు మాత్రమే వేసి, నా చేతులతోనే ముడులు కట్టాను. గేటు దగ్గర ఒక చిన్న పాప ఆగి, చిలుకలను వేలితో తాకి, తలెత్తి బాపు మొహంలోకి చూసి నవ్వింది. బాపు రెండు చేతులతో ఈటెను పట్టుకుని అలాగే నిలబడ్డాడు.