నేను చదవని రెండు పేజీలు

ఇది 2023 ఎండాకాలంలో జరిగిన సంగతి. అంతకు పదేళ్ల ముందైతే ఏ సంగతీ రాయలేకపోయేదాన్ని. మాది ఆలూరు దగ్గర మెట్టపల్లె. నా చిన్నప్పుడు ఏటా దసరా దాటగానే ఇంటిల్లిపాదీ సుగ్గికి వెళ్లేవాళ్లం. పని కోసం కొన్ని నెలలు ఊరు విడిచి వెళ్లడాన్ని మా వైపు సుగ్గి అంటారు. గుంటూరు వైపు మిరపకాయలు కోసి, ఉగాదికి ఇల్లు చేరేవాళ్లం. మేము తిరిగి వచ్చేసరికి బడిలో నా పేరు కొట్టేసి ఉండేది. మూడేళ్లు అలా జరిగాక మా నాన్న మళ్లీ పేరు వేయించలేదు.

పెళ్లయి ఎమ్మిగనూరు వచ్చాక కూడా నా మాటలు ఇంకొకరే రాసేవారు. ఒకసారి ఆఫీసు బయట కూర్చుని అర్జీలు రాసిపెట్టే ఆయన రేషన్ కార్డు కాగితంలో నన్ను వితంతువుగా రాశాడు. అలా రాస్తే పని తొందరగా అవుతుందని ఆయన ఉద్దేశం. విచారణకు వచ్చిన ఉద్యోగికి తలుపు తీసింది నా భర్తే. "నేను సచ్చినట్టు నాకే సెప్పలేదే, ఈరమ్మా. నా దినానికి కనీసం వడలన్నా చేసింటివా?" అని ఆయన నెల రోజులు ఆటపట్టించాడు. నేనూ నవ్వాను. కానీ నా వేలిముద్ర పైన ఏం రాసి ఉందో నాకే తెలియకపోవడం లోపల గుచ్చుతూనే ఉంది.

నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దాను. నలభై ఏడో ఏట ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయ్యాను. ఊరి గ్రంథాలయంలో ఊడ్చే పనికి చేరినదాన్ని, చదవడం వచ్చాక పేపర్లు అమర్చడం, పుస్తకాలు అల్మారాల్లో సర్దడం కూడా నాకే అప్పగించారు. నాగవేణి నన్ను వెతుక్కుంటూ వచ్చింది అక్కడికే.

నాగవేణికి ఇరవై రెండేళ్లు. పుట్టుకతోనే చూపు లేదు. నాన్న చీరలు నేస్తాడు, ఈమె ఇంట్లో నూలు కండెలు చుడుతుంది. ఆదోనిలో డిగ్రీ చదివి అన్నీ పాసై, ఆధునిక ప్రపంచ చరిత్ర పేపరు ఒక్కటి తప్పింది. అది గట్టెక్కితే బీఈడీలో చేరవచ్చు. ఆమెకు కావలసింది ఒక రీడర్, ఒక స్క్రైబ్. రీడర్ అంటే పరీక్షకు ముందు పాఠాలు చదివి వినిపించే మనిషి. స్క్రైబ్ అంటే పరీక్షలో ఆమె చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టే మనిషి. స్క్రైబ్ చదువు విద్యార్థి చదువు కంటే తక్కువ ఉండాలని నియమం.

"నాకంటే తక్కువ చదివినోళ్లు యాడ దొరుకుతారా అని ఊరంతా అడిగినానత్తా. అందరూ నీ పేరే చెప్పినారు" అంది నాగవేణి.

"పొగిడినావో, తిట్టినావో తెలియకుండా ఉందే."

"నిజం చెప్పేదా? పోయినసారి రాసిన పిల్లకు తొందర ఎక్కువ. నేను పది మాటలు చెప్తే తనకు తోచిన నాలుగు రాసింది. బయటికొచ్చి, 'అక్కా, నీది కొంచెం బాగు చేసినాలే' అనింది. ఆ బాగులోనే తప్పిపోతిని. నీకైతే రాసేది నిదానమంట. సొంతం కలిపేంత టైము ఉండదు."

ఇద్దరం నవ్వుకున్నాం. మరుసటి రోజు నుంచే మొదలుపెట్టాం. ఇప్పుడు ఫోన్లు కూడా చదివి వినిపిస్తాయి గాని, ఆ పాత తెలుగు పుస్తకం ముద్ర మసకబారి ఫోనుకు అందలేదు. నేను పొద్దున ఎనిమిదికి గ్రంథాలయం తెరిచి, పేపర్లు సర్ది, మూల బల్ల దగ్గర ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆమె సంచిలో నూలు తెచ్చుకుని, వింటూ వేలికి చుట్టుకునేది. చేతిలో దారం కదులుతుంటే మాట నిలుస్తుందని చెప్పేది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా గురించిన పాఠం మా ఇద్దరికీ బాగా పట్టింది. స్పెయిన్‌తో యుద్ధం చేసి, క్యూబాను విడిపిస్తామని వెళ్లిన అమెరికా, ఆ యుద్ధం చివర ఫిలిప్పీన్స్ దీవులను తన చేతిలో పెట్టుకుంది. ఆ దీవుల జనం మా దేశం మాకు కావాలని తిరగబడితే వాళ్లతోనూ యుద్ధం చేసింది. అది చదివినప్పుడు నాగవేణి నూలు పక్కన పెట్టి, "మా వీధిలో ఇద్దరన్నదమ్ములు కొట్లాడుకుంటే పంచాయితీకి వచ్చిన పెద్దమనిషి ఆ ఇంట్లోనే కాపురం పెట్టినాడు. అట్లుంది" అంది. పనామా కాలువ తవ్వించడం, ఆడవాళ్లు ఏళ్ల తరబడి కొట్లాడి ఓటు తెచ్చుకోవడం కూడా ఒక్కొక్కటిగా చదివాం. కూడబలుక్కుంటూ చదివే నా చదువుకు ఆమె ఎప్పుడూ విసుక్కోలేదు.

ఒకరోజు నల్లజాతివాళ్ల వలస దగ్గరికి వచ్చాం. దక్షిణాన పత్తి చేలలో కూలి చేసుకునే నల్లవాళ్లు, మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో రైళ్లెక్కి ఉత్తరాన ఫ్యాక్టరీలుండే పెద్ద ఊళ్లకు వెళ్లారు. పత్తికాయను తొలిచే పురుగు పంటను తినేసింది. కూలి తక్కువ, అవమానాలు ఎక్కువ. తప్పు చేయకపోయినా తెల్లవాళ్లు గుంపుగా వచ్చి చంపేసేవారు. యుద్ధం వల్ల ఐరోపా నుంచి కొత్త కూలీలు రావడం ఆగి, ఫ్యాక్టరీలకు మనుషులు కావలసి వచ్చింది. ఆదోని పత్తి ఎరిగినవాళ్లం కాబట్టి పురుగు మాట రాగానే ఇద్దరం అయ్యో అనుకున్నాం.

కారణాలు పూర్తయ్యేసరికి పదకొండయింది. పొద్దుటి పూటకు గ్రంథాలయం మూసే వేళ. మా లైబ్రేరియన్ సారు తాళం తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఫలితాలు అనే భాగం ఇంకా రెండు పేజీలుంది.

"తర్వాత ఏమాయె అత్తా?" అని అడిగింది నాగవేణి, లేస్తూ.

"ఏముంది పాపా, మన సుగ్గి మాదిరే. పని ఉన్నన్నాళ్లు ఉండింటారు, తిరిగి వచ్చింటారు."

"అందరూనా?"

"రాక యాడికి పోతారు? ఇల్లూవాకిలీ ఆడే కదా ఉండేది."

సుగ్గికి పోయినవాళ్లు తిరిగి రాకపోవడం నా బతుకులో నేను చూడలేదు. అందుకే ఆ మాటలో అనుమానం కూడా రాలేదు. మరుసటి రోజు పుస్తకం తెరిస్తే, "అది అయిపోయింది కదా, తర్వాతి పాఠం చదువు" అంది నాగవేణి. నేనూ పేజీలు తిప్పేశాను.

పరీక్ష రోజు ఎమ్మిగనూరులో పొద్దున్నే ఆదోని బస్సెక్కాం. నాగవేణి కిటికీ పక్కన కూర్చుని పెదవులు కదిలిస్తూ పాఠాలు వల్లె వేసుకుంటోంది. నేను ఒళ్లో పుస్తకం పెట్టుకుని ఊరికే తిప్పుతున్నాను. ఆ రెండు పేజీలు కంటబడ్డాయి. అలా వెళ్లినవారిలో చాలామంది తిరిగి రాలేదని ఉంది. ఉత్తరాది నగరాల్లో స్థిరపడ్డారు, అక్కడ ఓటు వేశారు, చర్చిలు, పత్రికలు, పాటలు కొత్తగా పుట్టించుకున్నారు, అక్కడా తెల్లవాళ్ల దాడులు తప్పలేదు, అయినా ఉండిపోయారు అని ఉంది. బస్సు కుదుపులకు అక్షరాలు కదిలి తప్పు చదివానేమోనని మూడుసార్లు చూశాను. తప్పు చదవలేదు.

"ఏం చదువుతాండావత్తా?"

"ఏం లేదు. పేజీలు తిప్పుతాండా."

ఇప్పుడు చెబితే కంగారుపడి మిగతావి కూడా మరిచిపోతుందనిపించింది. ఇన్ని పాఠాల్లో ఈ ప్రశ్నే వస్తుందా అని కూడా అనుకున్నాను. నా తప్పు ఒప్పుకోవడానికి సిగ్గు కూడా ఉంది. పుస్తకం మూసి సంచిలో పెట్టేశాను.

కాలేజీలో పరీక్షకు మాకు విడిగా ఒక గది ఇచ్చారు. కాపలా కూర్చున్న మేడం నా గుర్తింపు కాగితం చూసి, "ఆ అమ్మాయి చెప్పిందే రాయాలమ్మా. ప్రశ్న చదివి వినిపించొచ్చు, అంతే. నువ్వు సలహా చెప్పకూడదు, ఒక్క ముక్క మార్చకూడదు" అన్నారు. సరేనన్నాను. ప్రశ్నలు ఒక్కొక్కటే చదువుతూ వచ్చాను. నాలుగోది నల్లజాతి ప్రజల వలసకు కారణాలు, ఫలితాలు వివరించమని.

నాగవేణి ముఖం విచ్చుకుంది. "ఇది మనదే! ఇదే మొదలు రాద్దాం."

కారణాలు చక్కగా చెప్పింది. పుస్తకం భాషలో, ఒకదాని వెనుక ఒకటి, తడబాటు లేకుండా. తర్వాత ఊపిరి తీసుకుని చెప్పసాగింది: "ఫలితాలు. యుద్ధం ముగిశాక వీరిలో అత్యధికులు తమ స్వగ్రామాలకు తిరిగి వచ్చారు."

నా పెన్ను ఆగిపోయింది. 'తిరిగి రాలేదు' అని రాస్తే చాలు. మేడం కిటికీ వైపు చూస్తున్నారు. నాగవేణి చూడలేదు. ఈ పేపరు ఆమెకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. తప్పు నాది, దిద్దే పెన్ను కూడా నా చేతిలోనే ఉంది.

"ఆగినావేంది అత్తా?"

అర్జీల ఆయన గుర్తొచ్చాడు. ఆయన కూడా నా మంచికే రాశాడు. నాగవేణి పేరున్న ఆ కాగితంలో ఆమె అనని మాట ఉండకూడదు, అది ఎంత సరైన మాటైనా.

"ఏం లేదు. చెప్పు."

తిరిగి వచ్చారు అని రాశాను. తెచ్చుకున్న సంపాదనతో ఇళ్లు బాగుచేసుకున్నారని ఆమె చెబితే అదీ రాశాను. మా ఊళ్లో సుగ్గి నుంచి వచ్చినవాళ్లు చేసే పనులన్నీ ఆ అమెరికా జవాబులోకి వరసగా నడిచి వచ్చాయి.

బయటికి వచ్చాక బస్టాండు దగ్గర చెరకు రసం బండి నీడలో నిలబడ్డాం. నాగవేణి హుషారుగా ఉంది. గ్లాసు ఆమె చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

ఆమె తాగడం ఆపింది. "ఎప్పుడు తెలిసె నీకు?"

"పొద్దున బస్సులో."

"గంటసేపు నా పక్కనే కూసోని చెప్పలేదా?"

"బెదిరిపోతావేమోనని..."

"నాకు కండ్లు లేవు గాని, ధైర్యం లేదని యెవరు చెప్పినారత్తా నీకు? ఒక్క మాట. తిరిగి రాలేదు అంటే చాలు. బస్సు దిగే లోపల ఇంకో జవాబు కట్టుకుండేదాన్ని." గ్లాసు బండి మీద పెట్టేసింది. "పోయినసారి ఆ పిల్ల కూడా నా మంచికే చేసినానని చెప్పింది."

పరీక్ష గదిలో మాట మార్చలేదని అప్పటిదాకా నేను కాస్త గర్వపడుతున్నాను. పొద్దున్నే నేను మాట దాచేశానని అప్పుడు అర్థమైంది. ఆమె తరఫున నిర్ణయం నేనే చేసేశాను.

తిరుగు బస్సులో నాగవేణి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఎమ్మిగనూరులో దిగి, నా మోచెయ్యి పట్టుకుని వాళ్ల వీధి దాకా నడిచింది. రెండు వైపులా మగ్గాల చప్పుడు. ఇంటి అరుగు దగ్గర ఆగింది.

"నువ్వు లోపల మార్చి రాసింటే నాకు తెలిసేది కాదు కదా?"

"తెలిసేది కాదు."

"ఎందుకు మార్చలేదు?"

"నువ్వు అట్ల చెప్పలేదు కదా పాపా."

నా చెయ్యి వదిలింది గాని లోపలికి పోలేదు.

"మరి వాళ్లు తిరిగి రాలేదంటే, ఆడ ఏం చేసిరి అన్నేళ్లు? యాడ ఉండిరి?"

"రెండు పేజీలుంది."

"రేపు తీసుకురా" అని లోపలికి వెళ్లింది.

ఆ పేపరు నాగవేణి పాసైంది. ఆ జవాబుకు ఎన్ని మార్కులు పోయాయో మాకు తెలియదు, ఆమె అడగలేదు. ఇప్పుడు బీఈడీ చదువుతోంది. ఆ తర్వాత నేను ఇంకో ముగ్గురికి చదివాను, ఇద్దరికి రాశాను. చదివేటప్పుడు నా మాట కలపాలనిపిస్తే, 'ఇది పుస్తకంలో లేదు, నేనంటున్నా' అని ముందే చెబుతాను. తప్పు చెప్పానని తెలిస్తే అప్పుడే చెప్పేస్తాను, ఎదుటి మనిషి తట్టుకుంటారా లేదా అని నేను లెక్కలు వేయను.

పరీక్ష మరుసటి రోజు పొద్దున, గ్రంథాలయం తెరవడానికి ముందే, పుస్తకం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న మగ్గం ఆపి, "పరీక్ష అయిపాయె కదమ్మా, ఇంకా ఏం చదువు?" అన్నాడు. "ఇది పరీక్షకు కాదు నాయనా" అని నాగవేణి అరుగు మీద చోటు చూపించింది. ఆయన మళ్లీ మగ్గం మొదలుపెట్టలేదు, అక్కడే కూర్చుని విన్నాడు. మొదటి పేజీ సగంలో నాగవేణి, "ఇది పుస్తకమా, నువ్వా?" అని అడిగింది. "పుస్తకమే" అన్నాను. రెండో పేజీలోనూ అడిగింది. పుస్తకమే. చివరి వాక్యం అయ్యాక నాగవేణి నా వైపు తిరిగింది.

"ఇప్పుడు నువ్వు చెప్పత్తా. నువ్వూ మీ ఊరు విడిచి వచ్చినదానివే కదా. ఊరు విడిచి పోయి మళ్లీ రాకుండా ఉండాలంటే మనిషికి ఎట్లుంటుంది?"

పుస్తకం మూసి పక్కన పెట్టాను. ఇది నా మాట అని ముందే చెప్పి, మొదలుపెట్టాను.