షట్టరు దించే ముందు

జలాశయం అడుగున లస్కరుకు లంకెబిందెలు దొరికాయని వీధి వీధంతా కోడై కూస్తోంది. దొరికితే ఆ చిరుగుల బనీను ఎందుకు తొడుక్కుంటాడు? కాలువలకు నీళ్లివ్వడానికి ఆనకట్ట కట్టినప్పుడు మునిగిన ఊరు అతనిది. ఇల్లు పోయినందుకు ఆ ఆనకట్ట మీదే షట్టర్లు ఎత్తి దించే లస్కరు ఉద్యోగం ఇచ్చారు. చేతులకంటిన గ్రీజు ఎంత తోమినా వదలదు కాబట్టి అన్నం చెంచాతో తింటాడు. ఎండలకు నీళ్లు అడుగంటి పాత గోడలు బయటపడగానే, పారా చీపురూ పట్టుకుని బురదలోకి దిగుతాడు. పొద్దుగూకే వేళకు మోకాళ్లదాకా ఒండ్రుతో తిరిగొస్తాడు. ఈ ఏడు తొలివాన మబ్బు కమ్మిన రోజున ఎదురింటి పెద్దమ్మ ఉండబట్టలేక దారికాచి పట్టుకుంది.

“ఏరా, అన్ని బిందెలు దొరికాయంటున్నారు, ఈ పెద్దమ్మకు ఒక మూతైనా ఇవ్వవా?”

అతను పార కడుక్కుంటూ నవ్వాడు. “బిందెలెక్కడివి పెద్దమ్మా! మా ఇంట్లో ఒండ్రు ఎత్తిపోసి, ఊడ్చి వస్తున్నా.”

“రేపోమాపో మళ్లీ మునిగే కొంపని ఊడవడం ఏంట్రా, పిచ్చోడా?”

“షట్టరు దించి ముంచేది ఈ చేతులే కదా పెద్దమ్మా. అమ్మ రోజూ ఊడ్చుకున్న ఇల్లు, చెత్తతో ఎలా ముంచను?”