టైము మామ బాతుల డ్యూటీ

ఆ వీధిలో ఆయన అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. చిన్నాపెద్దా అందరికీ ఆయన టైము మామే. నూలు మిల్లు గేటు దగ్గర ముప్పై ఒక్కేళ్ళు కాపలా ఉన్న మనిషి. పొద్దున ఐదింటికి మొదటి షిఫ్టు. వాన ముంచెత్తనీ, ఒళ్ళు జ్వరంతో కాలిపోనీ, ఐదు కొట్టేసరికి గేటు బార్లా తెరుచుకోవాల్సిందే. ఒక్క రోజు, ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. కావాలంటే మిల్లులో ఎవరినైనా అడగమనేవాడు. ఎవరూ అడగకపోయినా చెప్పేవాడు.

ఆ ఉద్యోగంలో రెండో సగం షిఫ్టు దిగేటప్పుడు. బయటికొచ్చే ప్రతివాడి సంచిలోనూ చెయ్యి అడుగుదాకా పెట్టి చూసి, చొక్కా జేబు తట్టి, "సరే, వెళ్ళు" అనేవాడు. రోజుకి నాలుగొందల సార్లు అదే మాట. అందులో ఎవరి మీదా కోపం లేదు, ఎవరి మీదా ప్రేమ లేదు. మేనేజరు సంచి కూడా చూసేవాడు.

రిటైరయ్యాక ఇంట్లో ఆయన తెరవడానికి ఏమీ మిగల్లేదు. ముందు గది భార్య కుట్టుమిషనుది. బట్టలు కుట్టించుకోవడానికొచ్చిన వాళ్ళని గుమ్మంలో నిలబెట్టి "ఎవరు కావాలి? ఏం పని?" అని ఆరా తీసేవాడు. ముగ్గురు రావడం మానేశారు. కారే కుళాయి బాగు చేస్తే గోడ కారడం మొదలెట్టింది. "మీకు దణ్ణం పెడతాను, ఎక్కడో ఒకచోట కూర్చోండి" అంది భార్య. కూర్చోమంటే ఆయనకి ఎక్కడ లేని చిరాకు. కాలుగాలిన పిల్లిలా వీధి గుమ్మానికీ పెరటి గుమ్మానికీ మధ్య తిరిగేవాడు.

అలాంటి రోజుల్లో బావమరిది ఒక అట్టపెట్టె పట్టుకొచ్చాడు. అతను సరుకుల ఆటో నడుపుతాడు. తల్లి చిన్నప్పుడే పోతే అక్క చేతుల్లో పెరిగినవాడు. ఇప్పుడు నెత్తి నెరిసినా ఆవిడకి చంటివాడి కిందే లెక్క. పెట్టె మూత తీస్తే ఆరు పసుపుపచ్చటి బాతు పిల్లలు మెడలు సాచి గోల పెట్టాయి.

"బావా, నీకు మళ్ళీ డ్యూటీ వేయించా. ఆరుగురు వర్కర్లు. షిఫ్టు మాత్రం నువ్వే చూసుకో."

"పోరా, వెటకారమూ నువ్వూనూ" అన్నాడు గానీ, పెట్టె మాత్రం చేతిలోంచి దించలేదు.

వారం తిరక్కుండా పెరట్లో పాత తలుపుచెక్కలతో గూడు లేచింది. దానికి గొళ్ళెం, గొళ్ళేనికి తాళం. గూటికి పది అడుగుల దూరంలో నడుం లోతు గుంట తవ్వి నీళ్ళు నింపాడు. నెల తిరిగేసరికి సగం బురదే అయింది, బాతులకి అదే స్వర్గం. పొద్దున ఐదు కాగానే తాళం తీసేవాడు. తలుపు వెనకాల అప్పటికే బకబకమంటూ తోసుకుంటూ ఉండేవి. తీయగానే ఒకదాని వెనక ఒకటి వరసకట్టి, అటూ ఇటూ చూడకుండా నేరుగా గుంటలోకి. ఐదు ఆడవి, ఒకటి మగది. ఆ వరస చూస్తుంటే ఆయనకి కడుపు నిండిపోయేది. ఇన్నాళ్ళకి ఇంట్లో ఒక పని తన చేతి మీద సవ్యంగా నడుస్తోంది.

గుడ్లు వస్తే అది అందరూ ఒప్పుకుంటారు. ఆయనకి కావలసింది అంతే. పొద్దున్నే నాలుగు గుడ్లు తీసుకెళ్ళి మిషను పక్కన పెట్టి, ఏమీ అనకుండా వెనక్కి రావాలి. ఆవిడ మిషను ఆపి చూడాలి.

ఐదో నెల దాటింది. ఆరో నెల దాటింది. గూట్లో గడ్డి పరిచాడు, గడ్డి మార్చాడు. సున్నపు గుల్ల దంచి దాణాలో కలిపాడు. ఎలా పెట్టాలో చూసి నేర్చుకుంటాయని కొట్లో కోడిగుడ్డు కొనుక్కొచ్చి గడ్డిలో పెడితే మగ బాతు దాని మీద కాలేసింది. వీధిలో పోయేవాళ్ళు గోడ మీంచి తొంగిచూసి "ఏం మామా, బోణీ అయిందా?" అని అడగడం రివాజైపోయింది. ఆ మాట వింటే అరికాలి మంట నెత్తికెక్కేది.

"ఇంకా లేదు. అయితే డప్పు కొట్టి చెప్తాలే, నీ దారిన నువ్వు పో!"

దీనికి తోడు గుంట దగ్గర్నించి ఒక పాడు వాసన మొదలైంది. "కిటికీ తీస్తే కడుపులో తిప్పుతోంది. గుడ్లు లేవు గానీ కంపు మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అంది భార్య. బురద వాసన బురదలా కాక ఇంకెలా ఉంటుందని ఆయన కసిరాడు.

చివరికి ఓర్చుకోలేక పశువుల డాక్టరమ్మ దగ్గరికి బుట్టలో రెండు బాతుల్ని మోసుకెళ్ళాడు. ఆవిడ వయసులో చిన్నది, తొందరలో ఉంది. బాతుని తిప్పి పట్టుకుని తోక కింద ఎముకల మధ్య వేళ్ళు ఆనించి చూసింది.

"మూడు వేళ్ళు పడుతున్నాయంటే గుడ్లకి దారి తెరుచుకున్నట్టే. ఇవి గుడ్లు పెడుతున్నాయి పెద్దాయనా."

"పెడుతున్నాయా? ఎక్కడమ్మా?"

"మీ ఇంట్లోనేగా ఉండేది? నెల పైనుంచీ పెడుతూ ఉండాలి. సరిగ్గా వెతుక్కోండి."

సరిగ్గా వెతుక్కోండట! గూట్లో గడ్డిపోచ గడ్డిపోచా తిరగేసినవాడికి చెప్పే మాటేనా అది? దారి పొడుగునా ఆయన బుర్రలో ఒకటే గిర్రున తిరిగింది. పెడుతున్నాయి, కానీ కనిపించడం లేదు. లోపల తయారైన సరుకు గేటు దాటి పోతోందంటే దానికి ఒకటే అర్థం. మిల్లులో అయినా పెరట్లో అయినా అంతే.

అంటే ఎవడో పట్టుకుపోతున్నాడు. ఎవడు? పెరట్లోకి వచ్చిపోయే పరాయి మనిషి ఒక్కడే. రోజు మార్చి రోజు, పొద్దున ఆరున్నరకి బావమరిది వస్తాడు. మార్కెట్లో పారేసిన ఆకుకూరలు సంచి నిండా తెచ్చి గుంట గట్టున పోసి, మడిచిన సంచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతాడు. మడిచిన సంచి. టైము మామకి ఆ పూట అన్నం సయించలేదు.

మర్నాడు బావమరిది వచ్చాడు, ఆకులు పోశాడు, బాతులతో రెండు మాటలు ఆడాడు, చంకలో సంచితో పెరటి గుమ్మం దగ్గరికొచ్చాడు. గుమ్మానికి అడ్డంగా టైము మామ నిలబడి ఉన్నాడు.

"సంచి చూపించు."

బావమరిది నవ్వాడు. బావ మళ్ళీ మిల్లు వేషం కట్టాడనుకుని "చిత్తం సార్" అంటూ సంచి బార్లా తెరిచాడు. టైము మామ నవ్వలేదు. చెయ్యి అడుగుదాకా పెట్టి నాలుగు మూలలూ తడిమాడు. తరవాత చొక్కా జేబు తట్టాడు. బావమరిది మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది.

"బావా... నన్ను సోదా చేస్తున్నావా?"

జవాబు చెప్పాలని టైము మామకీ ఉంది. కానీ నోటికి అలవాటైన మాటే ముందొచ్చింది.

"సరే, వెళ్ళు."

అతను సంచి అక్కడే పడేసి వెళ్ళిపోయాడు. లోపల మిషను చప్పుడు ఆగింది. కిటికీలోంచి ఆవిడ అంతా చూసింది.

"గుడ్ల కోసం నా తమ్ముడి జేబులు తడుముతారా?" అంది బయటికొచ్చి. గొంతు పెద్దది చేయలేదు, అదే ఇంకా భయంగా ఉంది.

"చూడటం తప్పా? మేనేజరు సంచి చూడలేదూ నేను? ఆయన అలిగాడా?"

"మేనేజరు మీకు బాతుల్ని తెచ్చివ్వలేదు."

ఆ మాటకి ఆయన కోపం ఇంకా ముదిరింది. ఆవిడ మాత్రం గడువు పెట్టేసింది. ఈ ఆదివారం కాక పై ఆదివారం లోపు తమ్ముడు మళ్ళీ ఈ గుమ్మం తొక్కాలి. లేదంటే ఆ ఆదివారం పొద్దున ఆరు బాతులూ మాంసం కొట్టుకి పోతాయి, తనే బుట్టలో పెట్టి మోసుకెళ్తుంది. అంతే, ఆ తరవాత మాటల్లేవు. కంచంలో అన్నం పెట్టి ఎదురుగా తోసేది. మిషను మాత్రం పొద్దస్తమానం ఆయన్ని తిట్టినట్టే తిరిగేది.

టైము మామ మెట్టు దిగలేదు. సంచిలో ఏమీ దొరకలేదన్నది నిజమే, కానీ దొరకనంత మాత్రాన దొంగ కాకుండా పోతాడా అని తనకి తనే వాదించుకున్నాడు. బావమరిది రావడం మానేశాక గుడ్లు కనిపిస్తే తన మాటే నెగ్గుతుంది. ఒక రోజు గడిచింది, నాలుగు రోజులు గడిచాయి, వారం గడిచింది. కళ్ళల్లో ఒత్తులేసుకుని గుమ్మం కాచాడు. ఈగని కూడా లోపలికి రానివ్వలేదు. గుడ్డు లేదు. రాత్రి తాళం వేసేటప్పుడు బాతులు ఏమీ ఎరగనట్టు మొహాలు పెట్టేవి. వాటిని చూస్తే కూడా చిర్రెత్తుకొచ్చేది.

శనివారం పొద్దున ఐదింటికి తాళంచెవి తిరగలేదు. వానలకి తాళం తుప్పు పట్టింది. పది రోజుల కోపమంతా వేళ్ళల్లోకి తెచ్చుకుని ఒక్క తిప్పు తిప్పాడు. చెవి టక్కున విరిగి, సగం తాళంలో, సగం ఆయన చేతిలో ఉండిపోయాయి.

ఐదు దాటింది. ముప్పై ఒక్కేళ్ళలో జరగనిది జరిగింది. లోపల బాతులు తలుపుని పొడుస్తూ ఒకటే గోల. రాయి పెట్టి కొడితే తాళం కాదు, బొటనవేలు చితికింది. గొళ్ళెం కోసే రంపం బావమరిది ఆటోలో ఉంటుంది. అది గుర్తొచ్చి మరీ ఒళ్ళు మండింది. "ఉండండర్రా, ఉండండి, తీస్తున్నా" అని చెక్కల సందులోంచి బాతుల్ని బతిమాలాడు. ఆరు దాటింది, ఏడు దాటింది. ఎనిమిదికి లోపల గోల సద్దుమణిగింది. చచ్చాయేమోనని ఆయన చెక్కల సందుకి చెవి ఆనించాడు.

కబురంది తాళాలు బాగుచేసే అతను సైకిల్ తొక్కుకుంటూ వచ్చేసరికి తొమ్మిదైంది. వస్తూనే రెండు నిమిషాల్లో తాళం ఊడబెరికాడు. బాతులు వరసకట్టి గుంటకి పోయాయి. తాళాలతను వంగి లోపలికి చూశాడు.

"అదేంటి మామా, గుడ్లు తియ్యవా?"

గడ్డిలో నాలుగు గుడ్లు ఉన్నాయి. తెల్లగా, కాస్త పచ్చఛాయతో, ఇంకా వెచ్చగా. టైము మామ ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు.

"రోజూ ఎన్నింటికి వదులుతావేంటి?"

"ఐదింటికి. టంచనుగా."

"అయ్యో మామా! బాతు పెట్టేదే అప్పుడు. మా ఇంట్లో తొమ్మిదైతే గానీ తలుపు తియ్యం. ముందే వదిలేస్తే తిరుగుతూ తిరుగుతూ నీళ్ళల్లోనే పెట్టేసి పోతాయి. వాటికేం పట్టింది?"

టైము మామ గుంట వైపు చూశాడు. పంచె పైకి దోపి దిగాడు. బాతులు తలోవైపుకీ చెదిరిపోయాయి. చెయ్యి మోచేతి దాకా బురదలో పెట్టి అడుగు తడిమితే చేతికి గుండ్రంగా ఒకటి తగిలింది. దాని పక్కనే ఇంకొకటి. కొన్ని పైకి తీసేలోపే పగిలి, పెరడంతా ఆ కంపే. ముప్పై దాకా గట్టున పెట్టి ఇక తియ్యలేకపోయాడు. దొంగ దొరికాడు. ఆ దొంగ రోజూ ఐదింటికి తన చేత్తోనే తాళం తీశాడు.

భార్య గుమ్మంలోకి వచ్చి ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. గట్టున వరసగా పెట్టిన నల్లటి గుడ్లని చూసింది, మొగుణ్ణి చూసింది. ఆవిడ ఏమైనా అంటే బాగుండునని ఆయనకి అనిపించింది. తిట్టినా సరే.

"చూశారా? అన్నీ నా తమ్ముడి జేబులోనే ఉన్నాయి" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన కాళ్ళూ చేతులూ కడుక్కుని, నాలుగు మంచి గుడ్లనీ సంచిలో పెట్టుకున్నాడు. బావమరిది పడేసి వెళ్ళిన సంచే అది. మిషను పక్కనుంచి నడిచాడు గానీ అక్కడ పెట్టలేదు. రెండు వీధులవతల బావమరిది తన ఇంటి ముందు ఆటో కడుగుతున్నాడు. గేటు మూసి ఉంది. బావని చూసి కూడా చేతిలో గుడ్డ ఆపలేదు.

తప్పయిందని ఎలా చెప్తారో టైము మామకి తెలీదు. దారిలో నాలుగు రకాలుగా అనుకున్నవన్నీ గేటు దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోయాయి. సంచి బార్లా తెరిచి గేటు మీంచి ముందుకి చాపాడు.

"చూసుకోరా."

"ఏంటిది బావా?"

"లోపలికి రావాలంటే చూసుకోవాలిగా. చూసుకో."

బావమరిది చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. తరవాత సంచిలో చెయ్యి అడుగుదాకా పెట్టి, ఒక్కో గుడ్డూ తాకుతూ తీరిగ్గా లెక్కపెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. చొక్కా జేబు తట్టి, లోపలున్నది బయటికి తీశాడు. విరిగిన తాళంచెవి ముక్క. అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ అదే జేబులో పడేశాడు. దారిన పోయే ఇద్దరు ఆగి చూస్తున్నారు. టైము మామ చెవులు వేడెక్కిపోయాయి.

బావమరిది గేటు గొళ్ళెం తీసి పక్కకి జరిగాడు. మొహంలో నవ్వు లేదు.

"సరే, వెళ్ళు" అన్నాడు.

రోజుకి నాలుగొందల సార్లు అన్న ఆ మాట ఇంకొకరి నోట వినడం ఆయనకి అదే మొదటిసారి. ఎంతమంది ఎంత మంటతో ఆ గేటు దాటి ఉంటారో అనిపించింది. టైము మామ తల వంచుకుని, గుడ్లు కదలకుండా సంచి రెండు చేతులతో పట్టుకుని లోపలికి వెళ్ళాడు.